ప్లాంటు పెరిగితే మనవాళ్లకు పని ఎక్కడ ఎక్కువ: బల్క్ డ్రగ్‌లోనా, టాబ్లెట్లలోనా?

మా నెల్లూరు వైపు ఎవరైనా "ఫార్మా కంపెనీ పెంచుతున్నారంట, ఉద్యోగాలొస్తాయంట" అంటే నేను ముందు అడిగేది ఒకటే, పెరిగేది బల్క్ డ్రగ్ యూనిటా, టాబ్లెట్ల యూనిటా అని.

బల్క్ డ్రగ్ అంటే మందులోని అసలు రసాయనం చేసే చోటు. డబ్బంతా రసాయన చర్యలు జరిపే పెద్ద పాత్రలకీ (రియాక్టర్లు), రసాయనాల్ని కరిగించే ద్రవాల (సాల్వెంట్) ట్యాంకులకీ, వ్యర్థజలాల శుద్ధికీ పోతుంది, షిఫ్టుకు మనుషులు తక్కువే చాలు. బీఎస్సీ కెమిస్ట్రీ, ఐటీఐ వాళ్లకు మంచిదే, పని నేర్చుకుంటే ఇంకెక్కడైనా తీసుకుంటారు. కానీ మంటల ప్రమాదం ఉంది, ట్రైనింగ్ సరిగ్గా ఇవ్వని చోట పిల్లల్ని చేర్చొద్దు.

టాబ్లెట్లలో పొడి కలపడం, మాత్ర నొక్కడం, కోటింగ్ అయ్యాక ప్యాకింగ్ లైన్ దగ్గర చేతులు చాలా కావాలి, చదువు తక్కువున్న ఆడపిల్లలకు దారి దొరికేది అక్కడే. మా వదిన ఇంటర్‌తోనే చేరింది. నాలుగున్నరకే లేచి కంపెనీ బస్సెక్కుతుంది, గాజులు తీసేసి, జుట్టంతా టోపీలోకి దోపి, బెల్టు మీద కదిలే స్ట్రిప్పుల్లో మాత్ర లేని గుంత కనిపిస్తే చటుక్కున తీసేస్తుంది. ఎనిమిది గంటలూ అదే చూపు, కళ్లు లాగేస్తాయి పాపం.

ఈ పనులు ఎక్కువగా కాంట్రాక్టరు కిందే. వదినకు మొదటి కాంట్రాక్టరు నెలల తరబడి పీఎఫ్ నంబరే ఇవ్వలేదు. ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) పరిధిలో ఉంటే స్లిప్పులో జీతం నుంచి 0.75 శాతం కోత కనపడాలి, మొదటి నెలే చూసుకోండి.

తలల లెక్కన నా ఓటు టాబ్లెట్ల యూనిట్‌కే. పక్కింటి బీఎస్సీ అబ్బాయికి మాత్రం బల్క్ డ్రగ్‌కే అప్లై చేయమన్నాను.