అయిదు పూల టీ: ఇంట్లోనే కాచుకోవచ్చు

హాంకాంగ్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి మా ఫ్రిజ్‌లో ఈ సీసా లేని వారం తక్కువ. ఇక్కడివాళ్లు దీన్ని ల్యూంగ్ చా అంటారు. పేరుకి టీయే గానీ తేయాకు ఉండదు, ఒంటికి చలవ చేసే కషాయం. వేపుళ్లు తింటే వేడి చేస్తుందని, నిద్ర చాలకపోతే నోరు పూస్తుందని వీళ్లు చెప్తుంటే మా అమ్మమ్మ మాట విన్నట్టే ఉంటుంది. మనం మామిడిపండుని అంటాం, వీళ్లు లిచీని అంటారు.

నేను కాసేది అయిదు పూల రకం: చామంతి, హనీసకుల్, బూరుగు, దేవగన్నేరు, సోఫోరా. మూలికల కొట్లో కలిపి కట్టిన పొట్లాలే అమ్ముతారు. విడిగా కొంటే చామంతి దగ్గర జాగ్రత్త. మరీ తెల్లగా మెరుస్తూ పుల్లటి ఘాటు కొడితే గంధకం పొగ పట్టించారన్నమాట, కాస్త పసుపు తిరిగినవే మేలు. మార్చి, ఏప్రిల్‌లో ఫుట్‌పాత్ మీద రాలిన బూరుగు పూలను ఇక్కడి పెద్దవాళ్లు ఏరుకెళ్లి ఎండబెట్టుకుంటారు. బస్సుల పొగ తిన్న పూలు నాకొద్దు, కొనుక్కుంటాను.

విసుగంతా కడగడంలోనే ఉంది. ఎండు బూరుగు పువ్వు ముట్టుకుంటే తోలుముక్కలా ఉంటుంది. నానబెట్టాక రేకలు విచ్చుకుని, కేసరాల మధ్య దాగిన ఇసుక గిన్నె అడుగుకి దిగుతుంది. రెండు మూడు నీళ్లు మార్చాలి. తర్వాత పావుగంట నాననిచ్చి, రెండు లీటర్ల నీళ్లలో స్టీలు గిన్నెలోనో మట్టికుండలోనో సన్నని సెగ మీద అరగంట కాస్తాను. ఇనుము, అల్యూమినియం వద్దంటారు. గుడ్డలో వడకట్టి, చివర్లో పటికబెల్లం. కాగుతున్నంతసేపూ ఇల్లంతా ఎండుగడ్డి వాసన, మా ఆయనకి అది అస్సలు పడదు.

రుచికి భయపడక్కర్లేదు. ముందు తీపి, ఆనక నాలుక వెనక సన్నటి చేదు. ఆవకాయ గట్టిగా పట్టించిన మర్నాటి గొంతు మంటకి హాయిగా ఉంటుంది. జ్వరం తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. రోజూ తాగితే నాకు కడుపు కదిలిపోతుంది, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. జీ6పీడీ లోపం, అంటే ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చిట్లిపోయేలా చేసే పుట్టు లోపం ఉన్నవాళ్లు హనీసకుల్ పడిన టీ తాగకూడదు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ పరీక్ష చేసేస్తారు, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలీదు. గర్భిణులు డాక్టర్ని అడిగాకే తాగాలి.

ఇరవై నాలుగు రుచుల టీ అని ఇంకోటుంది, కటిక చేదు. దాన్ని ఇంట్లో కాయాలనే సరదా వద్దు. ఇత్తడి పాత్రలు పెట్టుకున్న పాత కొట్లో గిన్నెడు వేడిగా తాగేసి, పైన పుల్లటి ఎండు రేగుపండు లాంటిదేదో నోట్లో వేసుకుంటే సరి. డబ్బాల్లో అమ్మేవైతే నా నోటికి వట్టి పంచదార నీళ్లు. దాహానికి తాగొచ్చు, కూల్‌డ్రింక్ అనుకుని.