తొమ్మిదేళ్లు వెస్టర్న్ షర్టులు వేసుకున్నాక: టిచ్ బటన్ల మీద నా అనుభవం

వెస్టర్న్ షర్ట్ అంటే కౌబాయ్ చొక్కా. అది ఎలా ఉంటుందో ఫొటో చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కాబట్టి ఆ వర్ణన జోలికి పోను. నేను చెప్పదలుచుకున్నది దాని బటన్ల గురించి. నేనుండే అమెరికాలో వాటిని పెర్ల్ స్నాప్స్ అంటారు. మా తెనాలిలో అయితే టిచ్ బటన్లు. చిన్నప్పుడు చెల్లెలి గౌన్ల వెనక, అమ్మ చేతి పర్సుకి చూసేవాణ్ని. మగవాళ్ల చొక్కాకి, అదీ ముత్యంలా మెరుస్తూ అందరికీ కనబడేలా పెడతారని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మొదటిసారి వేసుకున్నప్పుడు కొంచెం సిగ్గేసింది. ఇప్పుడు మామూలు బటన్లు ఒక్కొక్కటీ కాజాలో దూర్చి పెట్టుకోవాలంటే ప్రాణం విసిగిపోతుంది. పొద్దున్నే పాపని స్కూల్‌కి తయారు చేస్తూ, ఒక చేత్తో దాని జడ పట్టుకుని, రెండో చేత్తో నా చొక్కా పెట్టేసుకోగలుగుతున్నానంటే అది ఈ బటన్ల పుణ్యమే.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. ఏటా ఇక్కడ రోడియో, అంటే కౌబాయ్‌ల గుర్రపుస్వారీ, ఎద్దుల ఆటల పోటీలు, మొదలయ్యే ముందు ఒక శుక్రవారం గో టెక్సన్ డే అని చేస్తారు. ఆ రోజు ఆఫీసుకి అందరూ బూట్లు, టోపీలు, వెస్టర్న్ షర్టులతో వస్తారు. ఆ ఒక్కరోజు కోసమని మాల్‌లో ఒక చొక్కా కొన్నాను. లేత నీలం గళ్లు, పల్చటి బట్ట, పాలిస్టర్ కలిసిన కాటన్. ఇస్త్రీ అక్కర్లేదని రాసి ఉంది, ధర కూడా తక్కువే. కంపెనీ పేరు వదిలేస్తాను, ఎందుకంటే నాకు జరిగింది అలాంటి పల్చటి చొక్కా ఏదైనా సరే జరిగేదే.

రెండోది అదే ఏడాది డెన్వర్ వెళ్లినప్పుడు కొన్నాను. వాజీ స్ట్రీట్‌లో రాక్‌మౌంట్ వాళ్ల పాత ఇటుకల భవనం ఉంది. జాక్ వీల్ అనే ఆయన 1946లో పెట్టిన కంపెనీ అది. వెస్టర్న్ షర్టులకి స్నాప్‌లు పెట్టి వాటిని దేశమంతా అలవాటు చేసింది ఆయనే అంటారు. 2008లో, 107 ఏళ్ల వయసులో పోయారు. చివరిదాకా ఆఫీసుకి వచ్చేవారట. ఈ బటన్లు పెట్టడానికి చెప్పే కారణం నాకు బాగా నచ్చింది. గుర్రం మీద వెళ్లేవాడి చొక్కా జీను కొమ్ముకో ముళ్లకంపకో తగులుకుంటే, మామూలు బటన్లు ఊడిరావు, మనిషినే లాగేస్తాయి. టిచ్ బటన్లయితే టకటకా విడిపోతాయి, చొక్కా చిరగదు, మనిషి కింద పడడు.

ఈ కారణం నిజమా కాదా అని నేను ఏ జీను మీదా పరీక్షించలేదు. మా ఇంట్లో రెండేళ్ల పాప పరీక్షించింది.

నా ఒళ్లో కూర్చుని చొక్కా రెండు అంచులూ రెండు గుప్పిళ్లతో పట్టుకుని ఒక్కసారిగా లాగడం దానికి ఆ రోజుల్లో ఇష్టమైన ఆట. పైనుంచి కింద దాకా టక్ టక్ టక్ అని వరసగా విడిపోతుంటే ఇల్లంతా వినపడేలా నవ్వేది. మళ్లీ పెట్టమనేది. నేను పెట్టేవాణ్ని. డెన్వర్ చొక్కా ఈ ఆటని ఎన్ని వందల సార్లు తట్టుకుందో లెక్క లేదు.

ఒక శనివారం షుగర్‌ల్యాండ్‌లో స్నేహితుడి గృహప్రవేశానికి బయల్దేరుతున్నాం. ఆ రోజు నా ఒంటి మీద మాల్‌లో కొన్న పల్చటి చొక్కా. పాప ఎక్కి కూర్చుంది, పట్టుకుంది, లాగింది. టక్, టక్, టక్, తర్వాత చర్ర్ మని ఇంకో రకం చప్పుడు. నాలుగో బటన్ దగ్గర రెండు సగాలూ విడిపోలేదు. కింది పట్టీలో ఉండాల్సిన బొడిపె సగం, తన చుట్టూ ఉన్న గుడ్డతో సహా ఊడొచ్చి, పైసగాన్ని కరుచుకుని వేలాడుతోంది. కింది పట్టీలో రూపాయి బిళ్ల కన్నా కొంచెం చిన్న చిల్లు, దాని చుట్టూ దారప్పోగులు. పాప మొహం చిన్నబుచ్చుకుంది. దాని తప్పేం లేదని చెప్పి ఎత్తుకున్నాను గాని, నాకు మాత్రం చాలా బాధేసింది. అప్పటికి ఆ చొక్కా కొని ఏడాది కూడా కాలేదు.

ఇక్కడ ఆల్టరేషన్ షాపులో చూపిస్తే చిల్లుకి మాసిక వేసి మామూలు బటన్ కుట్టేస్తామన్నారు. ఏడు టిచ్ బటన్ల మధ్య ఒక్క మామూలు బటనా? మనసొప్పలేదు. తెచ్చి బీరువాలో పడేశాను.

ఆ వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు దాన్ని సూట్‌కేసులో పెట్టుకెళ్లాను. మా వీధి చివర, నా స్కూల్ యూనిఫాంలు కుట్టిన బాబాయి ఇంకా అదే కొట్లో కుడుతున్నాడు. చొక్కా తీసుకుని ముందు చిల్లు చూడలేదు. తిరగేసి, బటన్ పట్టీని ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకున్నాడు. లైటు వెలుగు ఆ పట్టీలోంచి ఇవతలకి కనబడుతోంది.

"చూడు నాన్నా, లోపల బక్రం, అదే కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ, లేదు. ఉత్త రెండు మడతల గుడ్డ. దీనికి ఇంత గట్టి టిచ్ బటన్ కొట్టారు. ఏదో ఒకటి ఊడాలిగా? బటన్ ఊడలేదు, గుడ్డ ఊడింది."

పక్క బటన్‌ని నా చేత విప్పించాడు. నిజమే, బొటనవేలు నొక్కి పట్టి లాగితే గాని రావడం లేదు. అప్పటిదాకా అంత గట్టిగా పట్టుకోవడం మంచి క్వాలిటీకి గుర్తని అనుకున్నాను. డెన్వర్ చొక్కాకి ఉన్నవి దీనికన్నా తేలిగ్గా విడిపోతాయి, అందుకని అవే నాసిరకమేమోనని కూడా ఒకసారి అనుమానపడ్డాను.

ఈ బటన్ ఎలా పని చేస్తుందో ఆ రోజు ఆయన చేతిలో చూశాను. ఒక్కో బటన్‌కి నాలుగు ముక్కలు. పైపట్టీలో ముత్యం ఉన్న రింగు, దానికి చుట్టూ సన్నటి పళ్లు. ఆ పళ్లు గుడ్డని గుచ్చుకుని అవతలికి వచ్చి, గుంట ఉన్న ముక్కలో మడత పడతాయి. కింది పట్టీలో కూడా అంతే, వెనక నుంచి పళ్ల రింగు, ముందు వైపు బొడిపె. అంటే దారం, కుట్టు అన్నవి ఎక్కడా ఉండవు. మొత్తం బరువు ఆ పళ్ల మధ్య నలిగే ఇంచీలో సగం గుడ్డ మీదే. ఆ గుడ్డ నేత వదులుగా ఉంటే పళ్లు పోగుల మధ్యనుంచి జారిపోతాయి. లోపల బక్రం ఉంటే పళ్లకి పట్టు దొరుకుతుంది.

బాబాయి పట్టీ కుట్టు మూడంగుళాలు విప్పి, లోపల బక్రం ముక్క పెట్టి, ఇస్త్రీ చేసి, మళ్లీ కుట్టాడు. తర్వాత ఇనప దిమ్మె మీద రింగు పెట్టి, డై ఆనించి సుత్తితో ఒకే ఒక్క దెబ్బ. ముత్యం ఉన్నది దొరకలేదు, ఉత్త స్టీలుదే వేశాడు. వేసి, ఇరవై సార్లు పెట్టి తీసి చూసి గాని చేతికివ్వలేదు. "మిగతా వాటికి కూడా ఇదే గతి, అన్నిటికీ బక్రం పెట్టించుకో" అన్నాడు. ఎల్లుండే ప్రయాణం, కుదర్లేదు. ఆయన చెప్పినట్టే ఏడాది తిరక్కుండా ఇంకో రెండు ఊడొచ్చాయి. ఇప్పుడు ఆ చొక్కా పెరట్లో మొక్కల పని చేసేటప్పుడు వేసుకుంటాను. బాబాయి వేసిన స్టీలు బటన్ మాత్రం కదల్లేదు.

అప్పట్నుంచి షాపులో వెస్టర్న్ షర్ట్ చేతికి తీసుకుంటే ముందు చూసేది రంగు కాదు, బటన్ పట్టీ. వేళ్ల మధ్య నలిపితే లోపల ఇంకో పొర తగలాలి. వెలుతురుకి పెడితే వెలుగు రాకూడదు. ఒక బటన్ విప్పి చూస్తే చుట్టూ గుడ్డ ముడతలు పడి లాక్కుపోకూడదు.

బట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాతకాలం వెస్టర్న్ షర్టులు చాలావరకు గాబర్డీన్. ఏటవాలు గీతలతో దట్టంగా ఉండే నేత, ఉన్నితో గాని రేయాన్‌తో గాని నేసేవాళ్లు. ఒక సహోద్యోగి దగ్గర వాళ్ల తాతగారి రేయాన్ గాబర్డీన్ చొక్కా ఉంది. పట్టుకుంటే నీళ్లలా జారుతుంది, అంత అందమైన బట్ట నేను చూడలేదు. కానీ రేయాన్ తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది. తడిసిన చొక్కాకి టిచ్ బటన్ లాగితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి, చెమట పట్టే ఈ ఊళ్లో అలాంటిది కొనే ధైర్యం చేయలేదు. డెనిమ్ అయితే బటన్‌కి భయం లేదు, కానీ హ్యూస్టన్‌లో ఏడాదికి రెండు నెలలు మించి వేసుకోలేం.

నాకు కుదిరింది చాంబ్రే, నా మూడో చొక్కా. పడుగు నీలం, పేక తెలుపు, మామూలు సాదా నేత. దూరంనుంచి డెనిమ్‌లా ఉంటుంది, ఒంటి మీద సగం బరువు. పడుగొక రంగు, పేకొక రంగు వేసి నేయడం మన మంగళగిరి, చీరాల నేతగాళ్లకి తెలిసిన విద్యే. అందుకేనేమో ఆ బట్ట మీద చెయ్యి వేస్తే నాకు ఊరు గుర్తొస్తుంది. దగ్గరగా నేసిన బట్ట కావడంతో ఆరేళ్లలో ఒక్క బటన్ చుట్టూ కూడా చిల్లు పడలేదు.

మిగతా హంగుల్లో నాకు పనికొచ్చింది యోక్. భుజాల మీద రెండు పొరల గుడ్డ ఉండటం వల్ల లాప్‌టాప్ బ్యాగు పట్టీ రాసుకునే చోట మిగతా చొక్కాలు అరిగినట్టు ఇది అరగలేదు. అదే యోక్ జూలైలో శత్రువు, భుజాలు తడిసిపోయి వీపుకి అంటుకుంటుంది. డెన్వర్ చొక్కా జేబు మూతలు రంపపు పళ్లలా రెండు మొనలతో ఉంటాయి, మొనకో బటన్. చూడ్డానికి ఎంతో బాగుంటుంది, ఫోన్ మోగినప్పుడు మాత్రం రెండూ విప్పాలి. నవ్వుతున్న నోరులా వంపు తిరిగిన జేబులు కొన్నిటికి ఉంటాయి, చివర్లలో దారంతో కుట్టిన చిన్న బాణం గుర్తు చూడండి. అది అలంకారం అనుకున్నాను గాని, జేబు చివర చిరక్కుండా ఆపేది అదే.

డెన్వర్ చొక్కా ఎన్ని వందల సార్లైనా తట్టుకుందన్నాను. అది నిజమే, కానీ తొమ్మిదేళ్లలో దానికీ కొన్ని ఇబ్బందులు వచ్చాయి. ఒకసారి డ్రై క్లీనింగ్‌కి ఇస్తే ప్రెస్ కింద పెట్టి రెండు ముత్యాలు పగలగొట్టి ఇచ్చారు. అప్పట్నుంచి ఇంట్లోనే, బటన్లన్నీ విప్పి, తిరగేసి ఉతుకుతాను, డ్రయ్యర్‌లో వేయను, ఇస్త్రీపెట్టె బటన్ పక్కనుంచి పోనిస్తాను గాని మీదుగా పోనివ్వను. చేతి కఫ్‌కి మూడేసి బటన్లు, వాటిలో మణికట్టు దగ్గరది టేబుల్‌కి రాసుకుని మెరుపు పోయింది. ఇంకోటి, నేను ఈ మధ్య ఆరేడు కిలోలు పెరిగాను. కుర్చీలో వెనక్కి వాలితే పొట్ట దగ్గర బటన్ దానంతట అదే విడిపోతోంది. మామూలు బటన్ అయితే బిగుతుగానైనా పట్టుకుని ఉండేది. మీటింగ్‌లో ఇది రెండుసార్లు జరిగింది, అప్పట్నుంచి లోపల బనియన్ లేకుండా వేసుకోవడం లేదు. ఒంటికి పట్టేసినట్టు ఉండే చొక్కాలు ఇష్టపడేవాళ్లు దీన్ని ఒక సైజు పెద్దది తీసుకుంటేనే మేలు.

కాబట్టి కొనమంటానా? నాలా చంటిపిల్లలున్న ఇల్లు, పొద్దున్నే తొందర, చొక్కా టక్ చేసుకునే అలవాటు ఉంటే తప్పకుండా. వీటి అంచులు మామూలు వాటికన్నా పొడుగు, టక్ చేయకపోతే గౌనులా కనబడతాయి. విజయవాడ ఎండల్లో వేసుకోవడానికైతే చాంబ్రే తప్ప ఇంకేదీ చెప్పను, అది కూడా సాయంత్రాలకే. ఏడాదికి ఒక్క గో టెక్సన్ డే కోసమే అయితే పల్చటిది కొన్నా ఫర్వాలేదేమో, ఇంట్లో లాగే చేతులు లేకపోతే.

మా పాపకి ఇప్పుడు పదేళ్లు దాటాయి. ఆ ఆట మానేసి చాలా కాలమైంది, కానీ డెన్వర్ చొక్కా వేసుకున్న రోజు పక్కనుంచి పోతూ పోతూ మీది బటన్ ఒక్కటి టక్ మనిపించి పోతుంది. ఆ మీది బటనే ఈ మధ్య వదులైంది, బొడిపె అరిగింది. వచ్చే సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాం. ముత్యం రింగులు ఇక్కడే పన్నెండు కొని పెట్టుకున్నాను, బాబాయి కొట్టు తీసి ఉంటే చాలు.