హైడ్రాలిక్ పంపు కొనేవాళ్లు జాగ్రత్త: పాతదానికి రంగేసి అమ్ముతున్నారు

నెల్లూరులో కాంపాక్టర్ బండ్లు, టిప్పర్లు, జేసీబీలు నడిపే వాళ్లందరికీ చెప్తున్నా. "కంపెనీ పంపులు, సీల్ కిట్లు, చెన్నై రేటుకే" అని పొద్దున్నే గుడ్ మార్నింగ్‌తో పాటు వాట్సాప్‌లో పెట్టే అన్న ఉన్నాడు కదా, ఆయనే. పేరు రాయను, మీకు తెలుసు. ఆయన దగ్గర 32 వేలు పోసి కొన్న 'కొత్త' గేర్ పంపు పాతది. కడిగి, గీకి, నల్లరంగు కొట్టిన సరుకు.

మాది చెత్తను నొక్కి నింపుకునే కాంపాక్టర్ బండి. పొద్దున పూట బాగానే నొక్కేది. ఆయిల్ వేడెక్కాక, చెత్తను లోపలికి నొక్కే ప్యాకర్ ప్లేటు సగంలో ఆగిపోయేది. ఆ ప్లేటును తోసే సిలిండర్‌ని చివరిదాకా తోసి, రిటర్న్ వైపు హోస్ విప్పి ప్రెషర్ పెడితే చుక్క కారలేదు, అంటే పిస్టన్ సీల్స్ బాగానే ఉన్నాయి. ప్రెషర్ మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వ్ విప్పి శుభ్రం చేసినా గేజ్ ముల్లు 100 బార్ దాటలేదు, మా బండికి 170 రావాలి. ఇక మిగిలింది పంపే. సరిగ్గా రొట్టెల పండగ ముందు. ఆ రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర ఎంత చెత్త పోగవుతుందో నెల్లూరోళ్లకు నేను చెప్పక్కర్లేదు. చెన్నై పోయి వచ్చే టైం లేక ఈయన దగ్గర తీసుకున్నాం.

బిగించిన రోజే మధ్యాహ్నానికి అదే రోగం. పైగా షాఫ్ట్ సీల్ దగ్గర ఆయిల్ కారుతోంది. మా డ్రైవర్ పంపు విప్పి డీజిల్ గుడ్డతో తుడిస్తే రంగంతా గుడ్డకే వచ్చేసింది. రంగు కింద బోల్టు తలల మీద స్పానర్ జారిన మచ్చలు. నేమ్‌ప్లేటు రివెట్లు ఒకటి ఒక రకం, ఇంకోటి ఇంకో రకం. లోపల గేర్లు తిరిగే చోట గోరు దిగేంత గాడి. కొత్త పంపులో కూడా సక్షన్ వైపు సన్నగా గీత పడుతుంది, అది మామూలే. గోరు పట్టే గాడి మాత్రం ఒక్క పూటలో పడదు.

పంపు పట్టుకుని అంగడికి పోయాం. మొదట "ఆయిల్‌లో నీళ్లు కలిసుంటాయి" అన్నాడు. తర్వాత "మీవాడికి పీటీఓ వేసేటప్పుడు క్లచ్ తొక్కడం రాదు" అన్నాడు (పీటీఓ అంటే ఇంజన్ బలంతో పంపుని తిప్పే గేరు). మా డ్రైవర్ ఏమీ మాట్లాడకుండా రంగంటిన గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడన్నాడు, అంగడి నిండా జనం ఉండగా, నవ్వుతా:

"ఏందబ్బయా, చెత్త తోలే బండికి ఇంతకన్నా ఏం పంపు కావాల? కొత్తదేసినా కంపేగా కొట్టేది!"

నన్ను చూసి కాదు, డ్రైవర్ మొహంలోకి చూసి అన్నాడు. పక్కనున్న ఇద్దరు పకపకా నవ్వారు. మా డ్రైవర్ తెల్లారకముందే లేచి ఫంక్షన్ హాళ్ల ముందు అరటాకులు, చేపల మార్కెట్లో కుళ్లిన తలకాయలు ఎత్తించుకుని పోతాడు. ఆ 32 వేలూ అంగడాయన వేళ్లు తడుపుకుంటూ లెక్కపెట్టుకున్నప్పుడు నోట్లు మాత్రం కంపు కొట్టలేదు పాపం.

తెలియక అన్నాడనుకోను. టిప్పర్ తొట్టి రోజుకు ఏ కొన్నిసార్లో లేస్తుంది. కాంపాక్టర్ ప్రతి డబ్బాకీ ఊడ్చాలి, లోపలికి నొక్కాలి. చెత్త నీళ్లు తగిలి సిలిండర్ రాడ్ మీది క్రోమ్ పూత లేస్తుంది, ఆ గరుకు సీల్‌ని కోస్తుంది, తుక్కంతా ఆయిల్‌తో పంపులోకే పోతుంది. మంచి పంపు ముందు కావాల్సింది ఈ బండికే.

కొన్నప్పుడు బిల్లు తర్వాత పంపిస్తానని పంపలేదు, అదడిగితే ఎస్టిమేట్ చీటీ తిప్పి చూపించి "దీంట్లో కొత్తది అని ఎక్కడ రాసుంది?" అన్నాడు. చూస్తే నిజంగానే 'పంపు 1' అని మాత్రమే ఉంది. ఎంత ముందుచూపో! స్పేర్ పార్టుల అంగడిలో కూర్చోబట్టి గానీ, నల్లకోటు వేసుకోవాల్సిన మనిషి. డబ్బు తిరిగివ్వలేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఏమవుతుందో చూద్దాం.

కొనేవాళ్లు పంపు నంబరు, 'కొత్తది' అనే మాట బిల్లు మీద రాయించుకోండి. డబ్బులిచ్చే ముందు డీజిల్ గుడ్డతో ఒక్కసారి రుద్దండి. తిరిగే దిశ పాతదానితో సరిపోల్చుకోండి, ఎడమ కుడి తేడా వస్తే షాఫ్ట్ సీల్ ఎగిరిపోతుంది, తప్పు మన మీదికే తోస్తారు.

ఇంకోటి. బిగించడానికి ఆయన పంపిన కుర్రాడు బండి వెనక తలుపు టెయిల్‌గేట్ లేపి, అది పడకుండా ఆపే సేఫ్టీ ప్రాప్ పెట్టకుండానే కిందికి దూరాడు. హోస్ విప్పితే అంత బరువూ మీద పడేది. చొక్కా పట్టుకుని బయటికి లాగింది మా డ్రైవరే.