తాళం పడగానే ఊళపెట్టే కుక్క: ఫ్లాట్‌లో వాడి చూసినవాటిపై సమీక్ష

ఇంట్లో మనిషి లేకపోతే ఊళపెట్టే కుక్క కోసం బజారులో చాలా వస్తువులున్నాయి. కెమెరా, రబ్బరు బొమ్మ, ప్లగ్గుకు పెడితే కుక్కను నెమ్మదింపజేసే వాసన వదిలే ఫెరమోన్ డిఫ్యూజర్, ఒంటికి బిగుతుగా తొడిగే చొక్కా, ఇనుప కేజ్, మొరిగితే షాక్ కొట్టే బెల్టు. చివరిది తప్ప మిగతావన్నీ హైదరాబాద్ మణికొండలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, దాదాపు 18 కిలోల ఇండీ (దేశవాళీ) కుక్కతో, ఎండాకాలమూ వానాకాలమూ దాటేదాకా వాడాక రాస్తున్న సమీక్ష ఇది. అన్నిటికీ ఒకటే పరీక్ష పెట్టాం: దీనివల్ల కుక్క ఒంటరిగా, బెదరకుండా ఉండగలిగే సమయం పెరిగిందా లేదా?

ముందు కెమెరా. ఇది పెట్టకుండా మరేదీ కొనకండి. పక్క ఫ్లాట్ వాళ్లు పొద్దంతా ఏడుస్తూనే ఉందంటారు, వాచ్‌మన్ రెండుసార్లు మొరిగింది సార్, అంతే అంటాడు. అసలు సంగతి రికార్డింగ్‌లోనే తెలుస్తుంది. తలుపు వేసిన కొద్ది నిమిషాల్లోనే మొదలుపెట్టి, మెయిన్ డోర్ దగ్గరే తిరుగుతూ, చొంగ కారుస్తూ, గడప గీకుతూ ఊళపెడితే అది ఒంటరితనపు భయం. గంటసేపు నిద్రపోయి లేచి చెప్పు కొరికితే విసుగు. లిఫ్ట్ చప్పుడుకో, కాలింగ్ బెల్‌కో, కింద వీధికుక్కలు అరిచినప్పుడో మాత్రమే మొరిగి ఆగిపోతే కాపలా బుద్ధి. మూడింటికీ చేయాల్సింది వేర్వేరు. ఈ సమీక్ష మొదటిదాని గురించే.

అటూ ఇటూ తిరిగే 1080 పిక్సెళ్ల వైఫై కెమెరా, 64 జీబీ మెమరీ కార్డు చాలు. టపో సీ200 ఈ పనికి సరిగ్గా సరిపోయింది. మెయిన్ డోర్, కుక్క పడక రెండూ ఒకేసారి కనిపించే మూలలో, నడుమెత్తు అల్మరా మీద పెట్టాలి. సీలింగ్ దగ్గర బిగిస్తే వీపే కనిపిస్తుంది, మనకు కావాల్సింది ముఖం. పాత ఫోన్‌నైనా కెమెరాగా వాడొచ్చు గానీ రోజంతా చార్జింగ్‌లో ఉంచితే మే నెల వేడికి బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, ఫోన్‌లో దృశ్యం పోతుంది. అందుకని మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా వీటిని నడిపే చిన్న బ్యాటరీ డబ్బా, తప్పనిసరి. కొనేముందు అడాప్టర్ల మీద రాసిన వోల్టేజీ చూడండి: చాలా రౌటర్లకు 12 వోల్టులు, ఈ కెమెరాకు 9. రెండు అవుట్‌పుట్‌లూ ఉన్న యూపీఎస్ తీసుకుంటే రెండూ నడుస్తాయి.

కెమెరాలో మైకు ఉంది కదా అని ఆఫీసు నుంచి పేరు పెట్టి పిలవకండి. గొంతు వినబడి మనిషి కనబడకపోతే కుక్క ఇల్లంతా వెతుకుతుంది, సద్దుమణిగిన ఊళ మళ్లీ మొదలవుతుంది.

నిజంగా మార్పు తెచ్చింది తలుపు దగ్గర చేసే సాధన. దీనికి కెమెరా, ఫోను తప్ప ఖర్చేమీ లేదు, ఓపిక మాత్రం చాలా కావాలి. సూత్రం ఒక్కటే: భయం మొదలయ్యేలోపే మనిషి తిరిగి రావాలి. మొదట ఆ హద్దు ఎక్కడుందో కనుక్కోవాలి. బయటికెళ్లి, ఫోన్‌లో చూస్తూ, మొదటి సూచన ఎన్ని సెకన్లకు వచ్చిందో రాసుకోవాలి. మొదటి సూచన ఊళ కాదు, అది చివరి మెట్టు. దానికంటే ముందు చెవులు వెనక్కి పడతాయి, నోరు మూసుకుని శ్వాస బిగబడుతుంది, నాలుకతో పెదవులు తడుపుకుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. తలుపు కింద సందుకు ముక్కు ఆనించి గట్టిగా పీలుస్తుంది, ఒక ముందుకాలు ఎత్తి నిలబడుతుంది. తర్వాత సన్నగా కుయ్‌మనడం, ఆ తర్వాతే తల పైకెత్తి ఊళ. ముక్కు సందుకు ఆనిందంటే తిరిగొచ్చే సమయం అయిందని అర్థం. చాలా కుక్కలకు మొదట్లో ఆ హద్దు నిమిషం కూడా ఉండదు. బెంగపడాల్సిన పనిలేదు, అక్కడినుంచే మొదలుపెట్టాలి.

హద్దు 20 సెకన్లనుకుందాం. మొదటి సాధనలు 5 నుంచి 12 సెకన్లు. తలుపు తీసి గడప దాటి వెనక్కి రావడం, తర్వాత తలుపు దగ్గరికి వేసి రావడం, తర్వాత గడియ చప్పుడు, తర్వాత తాళం, తర్వాత లిఫ్ట్ దాకా, ఆ తర్వాత మెట్లు దిగి కింది అంతస్తు దాకా. ఒక మెట్టు విసుగ్గా, కన్నెత్తి కూడా చూడనంత మామూలుగా మారాకే తర్వాతి మెట్టు. సమయాన్ని వరసగా పెంచుకుంటూ పోకూడదు: 30 సెకన్లు, 10, 40, 15, 50 ఇలా కలిపి చేయాలి. ప్రతిసారీ పెరుగుతూ పోతే కుక్క ఆ లెక్క పట్టేస్తుంది, తర్వాతి వంతుకు ముందే బిగుసుకుంటుంది. ఒక్కో రోజు 15, 20 నిమిషాలు, వారంలో ఐదు రోజులు చాలు. రెండు వంతుల మధ్య నిమిషం, రెండు నిమిషాలు ఇంట్లో మామూలుగా కూర్చోవాలి. కారిడార్‌లో తలుపు పక్కనే దాక్కుంటే లాభం లేదు, వాసన పట్టేస్తుంది. ఫోన్‌లో కనిపించే దృశ్యం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి హద్దుకు కాస్త ముందే బయల్దేరాలి.

తాళంచెవులు, బూట్లు, ల్యాప్‌టాప్ బ్యాగ్ చూడగానే వణికే కుక్కలుంటాయి. ఆ వస్తువులను మొదటి రోజుల్లో ముట్టుకోకుండా చెప్పులతోనే బయటికెళ్లి సాధన చేసి, కుక్క రెండు మూడు నిమిషాలు బెదరకుండా ఉన్నాక ఒక్కో వస్తువునూ కలపడం తేలిక. తాళంచెవులు కలిపిన రోజు సమయాన్ని సగానికి తగ్గించాలి.

మొదటి అరగంట, ముప్పావు గంట దాకా ఎదుగుదల నత్తనడకే. ఈ భయం ఎక్కువగా మనిషి వెళ్లిన తొలి అరగంటలోనే పతాకస్థాయికి చేరుతుంది కాబట్టి శ్రమంతా అక్కడే. 40 నిమిషాలు దాటాక 5 నిమిషాల చొప్పున, ఆ తర్వాత 15 నిమిషాల చొప్పున పెంచొచ్చు. గంటన్నర, రెండు గంటలు ఏ బెదురూ లేకుండా ఉన్న కుక్క చాలావరకు పూటంతా ఉండగలదు. ఒక్కోసారి వెనక్కి జారుతుంది. వినాయక నిమజ్జనం డీజే చప్పుడు, దీపావళి టపాసులు, రాత్రి ఉరుములు, నిద్రలేమి, ఏది తగిలినా మర్నాడు హద్దు తగ్గుతుంది. ఆ రోజు తేలికైనవే చేయించాలి.

ఊళ ఆపాకే లోపలికి వెళ్లాలని, లేకపోతే ఏడిస్తే మనిషి వస్తాడని నేర్చుకుంటుందని చాలామంది చెబుతారు. భయంతో గుండె దడదడలాడుతున్న కుక్క బేరం ఆడే స్థితిలో ఉండదు. వెంటనే లోపలికి వెళ్లండి, తర్వాతి వంతు చిన్నదిగా పెట్టండి.

ఈ పద్ధతిలో అన్నిటికంటే కష్టమైన షరతు వేరే ఉంది: సాధన జరిగినన్నాళ్లూ కుక్కను హద్దు దాటి ఒంటరిగా వదలకూడదు. పొద్దున నలభై సెకన్లు శ్రద్ధగా నేర్పి, పది గంటలకు తాళం వేసి గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లిపోతే సాయంత్రానికి అంతా చెరిగిపోతుంది. భార్యాభర్తలు ఇంటి నుంచి పనిచేసే రోజులు మార్చుకోవాలి, ఎదురింటి కాలేజీ పిల్లలను కూర్చోబెట్టాలి, పనమ్మాయి వచ్చే వేళకు బయటి పనులు పెట్టుకోవాలి, లేదా పెట్ డేకేర్‌లో దించాలి. డేకేర్ ఎంచుకునేటప్పుడు అక్కడ పగలు మనిషి కుక్కలతోనే ఉంటాడా, లేక కేజ్‌లో పెట్టి వెళ్తాడా అని అడగండి. కేజ్ అయితే అక్కడా అదే ఊళ.

ఇప్పుడు వస్తువులు. కాంగ్ క్లాసిక్ ఎర్ర రబ్బరు బొమ్మ చాలా గట్టిది, ఇంతకాలం కొరికినా చీలలేదు. 13 నుంచి 30 కిలోల కుక్కకు లార్జ్ సైజు. ఇంట్లో కుదిరిన కూర్పు ఇది: చిన్న రంధ్రాన్ని చపాతీ ముక్కతో మూసి, నానబెట్టిన కుక్క మేత మూడు వంతులు, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ ఒక వంతు కలిపి దట్టించి, పైన చెంచాడు పెరుగు పూసి, రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో ఉంచాలి. ఇందులోకి వెళ్లినంత మేతను ఆ రోజు గిన్నెలోంచి తగ్గించాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) ఉన్న పీనట్ బటర్ కుక్కలకు విషం. ఏప్రిల్, మే నెలల్లో గడ్డ త్వరగా కరిగి గచ్చుమీద చీమలు పడతాయి, పెరుగు పులుస్తుంది. వేసవిలో పెరుగు మానేసి, బొమ్మను ఉతకడానికి వీలైన మందపాటి గుడ్డ మీద ఇవ్వడం నయం. సాయంత్రం సీసాలు కడిగే బ్రష్‌తో, వేడినీళ్లతో లోపలిదాకా కడగాలి.

ఇక అసలు విషయం: ఈ బొమ్మ విసుగును తగ్గిస్తుంది, భయాన్ని తగ్గించదు. భయపడ్డ కుక్క దాన్ని ముట్టదు. మీరు వెళ్లాక గడ్డ కట్టిన బొమ్మ అలాగే పడి ఉండి, మీరు రాగానే ఆబగా నాకడం మొదలుపెట్టిందంటే, మీరు వదిలిన సమయం దాని హద్దుకు మించిందని అర్థం. ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఇది ఇంట్లో ఉండాలి. వెళ్లేముందు మాత్రమే ఇస్తే బొమ్మే వెళ్లిపోవడానికి గుర్తవుతుంది, అందుకని మీరు ఇంట్లో ఉన్నప్పుడూ ఇస్తుండాలి.

ఫెరమోన్ డిఫ్యూజర్ ఒక సీసా నెల వస్తుంది, 50 నుంచి 70 చదరపు మీటర్ల జాగాకు సరిపోతుంది. కుక్క పడుకునే గదిలోనే, సోఫా వెనక కాకుండా పెట్టాలి. మన ఇళ్లలో పగలంతా కిటికీలు తెరిచి, ఫ్యాను తిరుగుతూ ఉంటే గాలిలో ఎంత మిగులుతుందో అనుమానమే. దానివల్ల సెకన్లు పెరిగినట్టు మాకు కనిపించలేదు. బిగుతు చొక్కా ఉరుములప్పుడు, మనిషి పక్కన ఉన్నప్పుడు కాస్త పనిచేసింది. ఒంటరిగా వదిలేటప్పుడు తొడిగించకండి, 40 డిగ్రీల ఎండలో ఒళ్లు కాగుతుంది, విప్పుకోబోయి కాళ్లు చిక్కుకుంటాయి.

కేజ్ అలవాటు లేని కుక్కకు ఈ సమస్య కోసం కేజ్ కొనొద్దు. బయటపడాలని ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకునే కుక్కలున్నాయి. గదికి అడ్డంగా పెట్టే బేబీ గేటు మేలు. బాల్కనీలో కట్టేయడం అన్నిటికంటే చెడ్డది, ఊళ ఎదుటి బ్లాకు దాకా వినబడుతుంది, ఎండ సరేసరి. షాక్ బెల్టు మేం కొనలేదు, ఎవరికీ కొనమని చెప్పం. అది శబ్దాన్ని శిక్షిస్తుంది, భయం లోపల అలాగే ఉంటుంది. నోరు మూసిన కుక్క తలుపు చెక్క కొరకడమో, పాదాలు పుళ్లు పడేలా నాకడమో మొదలుపెడుతుంది. తోడుకు రెండో కుక్కను తేవడం కూడా నమ్మకమైన మందు కాదు, దీని బెంగ మనిషి కోసం.

చప్పుడు విషయంలో ఖరీదైనవేవీ అక్కర్లేదు. సీలింగ్ ఫ్యాను, ఎయిర్ కూలర్ మోత కారిడార్ అలికిడిని బాగా మింగేస్తాయి. బెల్ స్విచ్ ఆపేసి, అపార్ట్‌మెంట్ గేటు యాప్ మైగేట్‌లో పార్సిళ్లు గేటు దగ్గరే పెట్టమని ముందే నమోదు చేయాలి. మెయిన్ డోర్ కింద సందుకు రబ్బరు పట్టీ వేస్తే బయటికెళ్లే ఊళ కొంత తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

మందుల దగ్గర మొహమాటపడొద్దు. సెకన్లు దాటని కుక్కకు, ఒళ్లు గాయపరచుకునే కుక్కకు సాధన ఒక్కటే చాలదు. వీడియో తీసుకుని పశువైద్యుణ్ణి కలవండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముసలి కుక్కల మతిమరుపు ఇవేవీ కావని ముందు తేల్చుకోవాలి. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ రెండూ ఈ భయానికి అమెరికాలో అనుమతి పొందిన మందులు, అదీ సాధనతో కలిపి వాడటానికే. పూర్తి ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. మొదట్లో ఆకలి తగ్గొచ్చు, మందకొడిగా ఉండొచ్చు. హఠాత్తుగా ఆపకూడదు. నిద్ర కోసం ఇంట్లో ఉన్న అవిల్ (మత్తు తెచ్చే అలర్జీ మందు) మాత్ర వేయమనే సలహాలు వినకండి. మత్తుతో ఒళ్లు కదలదు, భయం కదలకుండా అలాగే ఉంటుంది.

పక్కింటివాళ్లతో ఫిర్యాదు రాకముందే మాట్లాడటం మంచిది. మొరగడం కంటే ఊళే పెద్దవాళ్లను ఎక్కువ కలవరపెడుతుంది. కుక్క ఏడుపు ఇంటికి మంచిది కాదమ్మా అని అనే మామ్మలు ప్రతి బ్లాకులో ఉంటారు, ఆ ఆందోళనను తేలిగ్గా తీసేయకూడదు. ఏం సాధన చేస్తున్నారో చెప్పి, ఊళ వినబడ్డ సమయం వాట్సాప్‌లో పెట్టమని అడగండి, అది మీ లెక్కకూ పనికొస్తుంది. మొరుగుతోందన్న కారణంతో అసోసియేషన్ కుక్కను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చెబుతాయి. అదే సమయంలో కుక్కను నెమ్మదిగా ఉంచే ప్రయత్నం చేయాలని యజమానులకూ చెబుతాయి. మున్సిపాలిటీ ఇచ్చే పెంపుడు కుక్క లైసెన్స్, రేబిస్ టీకా కాగితం చేతిలో ఉంచుకోండి.

పూటంతా ఉండగలిగే దశ వచ్చాక కూడా సాధన పూర్తిగా మానేయొద్దు. దసరా, సంక్రాంతి సెలవుల్లో అందరూ ఇంట్లోనే ఉంటే హద్దు తగ్గుతుంది. ఆఫీసు తెరిచే ముందు నాలుగైదు రోజులు, పాత సమయంలో సగం నుంచి మొదలుపెట్టి పెంచుకురావాలి. ఇల్లు మారితే లెక్క మొత్తం సున్నానే. కొత్త ఫ్లాట్‌లో సామాను సర్దకముందే పాత పడకను ఉతకకుండా తెచ్చి వేయండి, కెమెరా బిగించండి, గడప దగ్గర ఐదు సెకన్ల నుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి చాలా త్వరగా ఎదుగుతుంది.