చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు: విలీనమా, సేవలు పంచుకోవడమా?

అమెరికాలో 1939–40లో సుమారు 1,17,000 స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలు) ఉండేవి, ఇప్పుడు 13 వేల చిల్లర. అయినా పిల్లలు తగ్గి బడ్జెట్ బిగుసుకున్న ప్రతిసారీ అదే ప్రశ్న: పక్క డిస్ట్రిక్టులో కలిసిపోదామా, విడిగా ఉండి పనులు పంచుకుందామా?

ఖర్చు
విలీనం: డిస్ట్రిక్టును నడిపే పెద్ద అధికారులు, అంటే సూపరింటెండెంట్లు, ఇద్దరి బదులు ఒక్కరు, ఒకే ఆఫీసు. కానీ జీతాల దగ్గర లెక్క తారుమారవుతుంది. టీచర్ల ఒప్పందాలు రెండుచోట్లా వేరు, ఎవరి జీతమూ తగ్గించడం కుదరదు కాబట్టి సాధారణంగా తక్కువ స్కేలునే పైకి తెస్తారు, మిగులుతుందనుకున్న డబ్బులో చాలావరకు అక్కడే పోతుంది.
పంచుకోవడం: పొదుపు చిన్నదే, ఈ తలనొప్పి మాత్రం లేదు.

శ్రమ
విలీనం: చాలా రాష్ట్రాల్లో ఓటింగ్ పెట్టాలి, అప్పులు, పన్ను రేట్లు తేల్చుకోవాలి.
పంచుకోవడం: ఒప్పందం చాలు. న్యూయార్క్ రాష్ట్రంలో బోసెస్ అనే ఉమ్మడి వ్యవస్థ 1948 నుంచి ఉంది. వృత్తి కోర్సులు, ప్రత్యేక విద్య లాంటివి ఒక్క డిస్ట్రిక్టు భరించలేనివి అక్కడ కలిసి నడుపుతారు.

రిస్క్
విలీనం: ఒకసారి జరిగితే వెనక్కి రావడం మహా కష్టం. ఊళ్లో బడి మూతపడితే పసిపిల్లలు చీకటితోనే బస్సెక్కాలి, ఆ బాధ ఏ బడ్జెట్ పట్టికలోనూ కనిపించదు.
పంచుకోవడం: స్పీచ్ థెరపిస్టు రెండుచోట్ల పనిచేస్తే ఏ రోజు ఎక్కడో ముందే రాసుకోకపోతే గొడవే.

హైస్కూల్లో ఫిజిక్స్ క్లాసు పెట్టడానికే పిల్లలు చాలక, పక్క బడి దగ్గర్లోనే ఉంటే విలీనమే మేలు. దూరాలు ఎక్కువై, బడులు బాగానే నడుస్తూ ఆఫీసు ఖర్చు మాత్రమే బరువైతే పంచుకోండి, ముందు పేరోల్, బస్సులతో మొదలుపెట్టండి.