టైల్స్ ఫొటోల కోసం కొన్న పోలరైజర్ ఫిల్టర్, ఇస్తాంబుల్‌లో వాడాక నా రివ్యూ

ఈ సర్క్యులర్ పోలరైజర్ (లెన్స్ ముందు బిగించి తిప్పితే మెరుపు, అంటే గ్లేర్, తగ్గించే ఫిల్టర్) కొన్నదే ఇజ్నిక్ టైల్స్ ఫొటోల కోసం, అంటే టర్కీలోని ఇజ్నిక్ ఊరి పేరుతో పిలిచే రంగురంగుల పింగాణీ పలకలు. ఇస్తాంబుల్ ఎమినోనూ ప్రాంతంలో స్పైస్ బజార్ దగ్గర రుస్తుం పాషా మసీదు ఉంది, కిందంతా కొట్లు, సన్నటి మెట్లెక్కి పైకెళ్లాలి. 1560ల్లో ఒట్టోమన్ వాస్తుశిల్పి మిమార్ సినాన్ కట్టింది. లోపల గోడలూ స్తంభాలూ మిహ్రాబూ (మక్కా దిక్కు చూపే గోడగూడు) ఎటు చూసినా టైల్సే, ఎన్ని రకాల తులిప్ పూలో! కంటికి అంత బాగున్నవి కెమెరాలో మాత్రం కిటికీ వెలుగు గ్లేజ్ (టైల్ మీది గాజులాంటి పూత) మీద పడి తెల్లమచ్చల్లా వచ్చేశాయి.

ఫిల్టర్ పెట్టి రింగ్ మెల్లగా తిప్పుతుంటే ఆ తెలుపు కరిగిపోయి కింద నీలం, పచ్చ బయటికొచ్చాయి చూడండి, అప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది. కాకపోతే గోడకి సూటిగా ఎదురుగా నిలబడితే పెద్దగా పని చెయ్యదు, బాగా పక్కకి జరిగి ఏటవాలుగా తియ్యాలి. వైడ్ లెన్స్‌తో అయితే ఒక పక్క గ్లేర్ పోయి ఇంకో పక్క అలాగే ఉండిపోతుంది, అందుకే నేను 50 ఎంఎం దగ్గరే ఆగిపోయా.

ఒక తప్పు చేశా, మొదటి రోజు ప్రతి ఫొటోకీ గ్లేర్ మొత్తం పోయేదాకా తిప్పేశా. రూమ్‌కొచ్చి చూస్తే రంగులు బాగానే ఉన్నాయి గానీ టైల్ కాస్తా గోడకి అంటించిన కాగితంలా ఉంది. ఇజ్నిక్ ఎరుపు ప్రత్యేకతే అది, ఇనుము ఉన్న మట్టితో మందంగా పూస్తారు కాబట్టి మిగతా రంగులకంటే కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, ఆ ఉబ్బు కనపడాలంటే అంచున కాస్త మెరుపు ఉండాల్సిందే. మర్నాడు మళ్లీ వెళ్లి సగమే తిప్పి తీశా, ఎరుపు రేకులు చేత్తో తడిమితే తగిలేలా వచ్చాయి.

ఈ ఫిల్టర్ వెలుతురు ఒకటిన్నర స్టాప్ దాకా తినేస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం). నమాజు చేసుకునే చోట ట్రైపాడ్ వెయ్యబుద్ధి కాక ఐఎస్ఓ (కెమెరా వెలుతురు గ్రహించే సెట్టింగ్) 1600 నుంచి 4000కి పెంచా, నాయిస్ (ఫొటోలో చుక్కచుక్కల గరుకు) కొంచెం వచ్చింది, పర్లేదు. రింగ్ మాత్రం రెండో రోజుకే బిగుసుకుపోయింది, తిప్పుతుంటే లెన్స్ ఫోకస్ కూడా కదిలిపోయేది, ఈ రేటుకి ఇది బాలేదు.

ఇస్తాంబుల్‌లోనే ఉన్న సుల్తాన్ అహ్మద్ మసీదులో (బ్లూ మాస్క్) 20,000 పైగా టైల్స్ ఉన్నా మంచివి చాలావరకు పై గ్యాలరీల్లోనే, అక్కడ ఈ ఫిల్టర్ కన్నా జూమ్ లెన్సే ఎక్కువ పనికొచ్చింది.