టెన్షన్ లోపలే దాక్కుంటే ఏ శ్వాస మేలు?

వడ్ల కొనుగోలు సెంటర్‌లో కుప్ప పోసి, తేమ 17 శాతానికి దిగేదాకా కాపలా కాసే రైతును "ఏం పెద్దబాపూ, టెన్షనా?" అని అడిగితే "నాకేం టెన్షన్ బిడ్డా, మంచిగనే ఉన్న" అంటాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన్ని చూడండి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. దవడ బిగుసుకుని ఉంటుంది. మబ్బు కమ్మినప్పుడల్లా ఊపిరి సగంలో ఆగిపోతుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నెలల తరబడి అలాగే ఉన్న ఒంటికి అదే మామూలైపోయింది.

పాలమూరులో గ్రూప్స్‌కు చదివే పిల్లలైనా, మిర్యాలగూడ మిల్లుల దగ్గర వరుసలో ఆగిన లారీ డ్రైవర్లైనా ఇంతే. పొద్దున లేవగానే దవడ నొప్పి, మెడ పట్టేయడం, కారం తినకున్నా కడుపులో మంట, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, పిల్లల మీద ఊరికే గయ్యిమనడం. వీటికి వేరే జబ్బులూ కారణం కావచ్చు కాబట్టి ఒకసారి డాక్టర్‌కు చూపించుకోవాలి. కానీ ఇలాంటివి రెండు మూడు కలిసి ఉంటే ఊపిరిని కూడా గమనించండి. పెద్దవాళ్లు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. మనది మనమే లెక్కపెడితే లెక్క మారిపోతుంది. టీవీ చూస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లను చెప్పకుండా లెక్కపెట్టమనండి. పొట్ట కదలకుండా ఛాతీ పైభాగం మాత్రమే ఎగిసిపడుతోందా అన్నదీ వాళ్లే చూడాలి.

ఇక ఏది చేయాలి? చాలామంది మొదట మొదలుపెట్టేది కపాలభాతి. టెన్షన్‌కు దాన్ని నేను ఒప్పుకోను. గాలిని పొట్టతో ఎగదోస్తూ వేగంగా వదలడం ఒంటిని లేపే పని, పడుకోబెట్టే పని కాదు. మితిమీరితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్లు తిరుగుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు.

నాలుగు అంకెలు పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలి, మళ్లీ నాలుగు ఆపే పద్ధతి ఎగ్జామ్ హాల్ బయట నిలబడ్డ పిల్లలకు బాగుంటుంది, లెక్కలో పడి మనసు అటూ ఇటూ పోదు. అయితే ముందే ఊపిరాడనట్టుగా ఉన్నవాళ్లకు ఆపి ఉంచమంటే భయం ఇంకా పెరుగుతుంది. ఒక ముక్కు రంధ్రంతో పీల్చి రెండో దాంతో వదిలే అనులోమ విలోమం మంచిదే. కాకపోతే దానికి ముక్కు రెండు వైపులా ఆడాలి. జిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము పీల్చేవాళ్లకు, జలుబు వదలనివాళ్లకు అదే కష్టం.

నేను అందరికంటే ముందు నిలబెట్టేది వదిలే ఊపిరిని పొడవు చేయడం. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలాలి, అంతే. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి ఆరు సార్లు వస్తుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో మీ మణికట్టే చెబుతుంది. నాడి మీద వేళ్లు పెట్టి నెమ్మదిగా ఊపిరి తీయండి. పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది. అందుకే వదలడం పొడవైతే ఒంటి బిగువు మొత్తం సడలుతుంది. బస్సులో, బ్యాంకు లైన్‌లో, వడ్ల కుప్ప పక్కన ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. పద్మాసనం అక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పెద్దలను కింద కూర్చోమనడం అన్యాయం. మంచం అంచున కూర్చుంటే చాలు.

కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చినప్పుడు ఆరు లెక్కపెట్టే ఓపిక ఉండదు. అప్పుడు ముక్కుతో నిండా పీల్చి, దాని మీదే ఇంకో చిన్న పీల్పు పీల్చి, నోటితో పొడవుగా వదలాలి. 2023లో అచ్చయిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో నెల రోజుల పాటు రోజుకు ఐదు నిమిషాలు ఇలా నిట్టూర్చినవాళ్లకు, ధ్యానం చేసినవాళ్లకంటే మనసు ఎక్కువ తేలికపడింది. రాత్రి నిద్రకు మాత్రం నా ఓటు భ్రామరికే. పెదాలు మూసి మ్మ్‌మ్ అంటుంటే వదిలే ఊపిరి దానంతటదే సాగుతుంది, లెక్క పని లేదు. చదువురాని అవ్వలు కూడా సులువుగా పట్టుకుంటారు.

ఛాతీలో నొప్పి వచ్చి చెమటలు పడుతుంటే మాత్రం ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాగే బోరు ఎండి బత్తాయి తోట పోయినవాళ్లకు, మిత్తీలు మీద పడ్డవాళ్లకు ఏ శ్వాసా అప్పు తీర్చదు. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. డబ్బులు పడవు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.